ఇది ఆయన అన్న మాటా, మీరు అనుకున్నదా?

నా ఫీల్డ్ వర్క్ రికార్డులో పదకొండో పేజీలో ఆకుపచ్చ సిరాతో ఒక చిన్న వాక్యం ఉంది: "ఇది ఆయన అన్న మాటా, మీరు అనుకున్నదా?" పద్నాలుగో పేజీలో అదే వాక్యం మళ్ళీ ఉంది. ఇరవయ్యో పేజీకి వచ్చేసరికి మా సూపర్‌వైజర్ మేడం వాక్యం రాయడం మానేశారు. నేను రాసిన మాట కింద గీత గీసి, పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టి వదిలేశారు. ఎం.ఎస్.డబ్ల్యూ. (మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్) మొదటి సంవత్సరంలో ఏమి నేర్చుకున్నావని ఎవరైనా అడిగితే ఈ మూడు పేజీలే చూపిస్తాను.

అంతకు ముందు పదకొండేళ్ళు నేను ఒక ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్లో పనిచేశాను. అద్దానికి ఇవతల నేను, అవతల జనం. అద్దం కింద అరచెయ్యి పట్టేంత సందు. కాగితాలు, డబ్బు, రసీదులు అన్నీ ఆ సందులోంచే వచ్చి వెళ్ళేవి. ముఖాల కంటే చేతులే నాకు ఎక్కువగా గుర్తుండేవి. ఒకరోజు ఒకామె పాపను చంకన వేసుకుని వచ్చి, డిశ్చార్జి కాగితం సందులోంచి తోసి, "ఇప్పుడు నేను ఎవరిని అడగాలమ్మా?" అన్నారు. వరండా చివరి తలుపు చూపించాను. దాని మీద 'మెడికల్ సోషల్ వర్కర్' అని బోర్డు ఉండేది. గంట తర్వాత ఆమె మళ్ళీ నా కౌంటర్ దగ్గరికి వచ్చారు. కాగితం అదే, బాకీ అంతే. కానీ ఆమె నిలబడిన తీరు వేరు. చివరి తేదీ ఎప్పుడో, ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో ఆమే నాకు చెప్పారు. ఆ గదిలో గంటసేపు ఏమి జరిగి ఉంటుంది? అన్నేళ్ళలో ఎందరికో ఆ తలుపు చూపించాను, ఒక్కసారి కూడా లోపలికి వెళ్ళి చూడలేదు. మరుసటి ఏడాది, ముప్పై ఆరేళ్ళ వయసులో, కోర్సుకు దరఖాస్తు పెట్టాను.

చేరుతున్నానని చెప్పగానే అందరి నోటా ఒకే మాట: "సేవ." మంచి పనే కానీ సేవ చేయడానికి డిగ్రీ ఎందుకు అన్నారు. వాళ్ళ తప్పు లేదు, మన మాటే అలా ఉంది. సోషల్ వర్క్ అనగానే తెలుగులో సమాజసేవ అనేస్తాం. పాఠ్యపుస్తకాలు 'సమాజ కార్యం' అంటాయి గానీ ఆ మాట నోట నిలవలేదు. పేరు సంగతి ఎలా ఉన్నా తేడా మాత్రం చిన్నది కాదు. సేవ గురించి మాట్లాడేటప్పుడు చేసేవారి మంచి మనసును మెచ్చుకుంటాం. ఈ వృత్తిలో అడగవలసింది అవతలి మనిషి బతుకులో ఏమి మారిందని. మంచి మనసుతో చేసిన పొరపాటు కూడా పొరపాటే, దాని బరువు మోసేది మనం కాదు.

ఈ వాదన వందేళ్ళ నాటిది. 1915లో బాల్టిమోర్‌లో దాతృత్వ సంస్థల జాతీయ సమావేశం జరిగింది. అక్కడ మాట్లాడటానికి అబ్రహాం ఫ్లెక్స్‌నర్‌ను పిలిచారు. అమెరికా, కెనడాల్లోని వైద్య కళాశాలల మీద 1910లో కఠినమైన నివేదిక ఇచ్చిన మనిషి ఆయన. సోషల్ వర్క్ ఒక వృత్తేనా అన్నది ప్రశ్న. ఇంకా కాలేదు, దానికంటూ నేర్పదగిన ప్రత్యేకమైన పద్ధతి లేదు అన్నారాయన. రెండేళ్ళు తిరిగేసరికి, 1917లో, మేరీ రిచ్‌మండ్ పుస్తకం 'సోషల్ డయాగ్నోసిస్' వచ్చింది. ఒక కుటుంబం గురించి సమాచారం ఎలా సేకరించాలి, ఏ మాటకు ఎంత విలువ ఇవ్వాలి, విన్నదానికీ ఊహించినదానికీ తేడా ఎలా పట్టుకోవాలి అన్నదే అందులోని విషయం. మొదటి భాగమంతా సాక్ష్యం గురించే.

క్లాసులో ఇదంతా చెబుతూ మా లెక్చరర్ ఒక మాట అని ముందుకు వెళ్ళిపోయారు. రిచ్‌మండ్ యవ్వనంలో పద్దు పుస్తకాలు రాసే ఉద్యోగం చేశారట. 1889లో బాల్టిమోర్‌లోని దాతృత్వ సంస్థలో చేరింది కూడా సహాయ కోశాధికారిగానే. నా చెయ్యి నోట్సు రాయడం ఆపేసింది. పద్దులు రాసిన మనిషి ఈ వృత్తికి పద్ధతి ఇచ్చింది! ఆ రోజు నాకు కలిగిన ధైర్యం ఏ స్కాలర్‌షిప్పూ ఇచ్చేది కాదు. పద్దుకు వోచరు ఉండాలి, వోచరు లేని పద్దు చెల్లదు అని పదకొండేళ్ళు పాటించాను. మనుషుల విషయంలో మాత్రం వోచరు లేకుండానే పద్దు రాసేస్తానని రికార్డు రాయడం మొదలుపెట్టాకే తెలిసింది.

రికార్డు అంటే ఏమిటో తెలియనివారికి చెబుతాను. వారానికి రెండు రోజులు ఫీల్డ్ వర్క్, అంటే ఆసుపత్రి లాంటి చోటికి వెళ్ళి పని నేర్చుకోవడం. క్లయింటుతో, అంటే మన సాయం కావలసిన మనిషితో, మాట్లాడేటప్పుడు ఎదురుగా రాసుకోకూడదు, ఫోనులో రికార్డు చేయకూడదు. బయటికి వచ్చాక, అదే రోజు, జ్ఞాపకం మీద సంభాషణంతా మాటకు మాటగా రాయాలి. ప్రాసెస్ రికార్డింగ్ అంటారు. మా పేజీకి నాలుగు నిలువు వరుసలు: ఎవరు ఏమన్నారు, అప్పుడు నాకేమనిపించింది, దాన్ని నేను ఎలా అర్థం చేసుకున్నాను, చివరిది సూపర్‌వైజర్‌ది. చూడటానికి సులువు. రాసి చూడండి. మన మాటలు మనకు ఎంత బాగా గుర్తుంటాయో, అవతలివారివి ఎంత తొందరగా జారిపోతాయో మొదటి పేజీలోనే బయటపడుతుంది.

నన్ను ఒక ఆసుపత్రికి వేశారు, నేను పనిచేసినది కాదు. అక్కడ నా మొదటి క్లయింటు అరవై దాటిన పెద్దమనిషి. ఆయన అనుమతితోనే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను. మధుమేహం వల్ల మోకాలి కింద నుంచి కాలు తీసేశారు. గాయం మానింది. ఇంటికి వెళ్ళవచ్చన్నారు. ఆయన ప్రతిరోజూ ఏదో ఒక కారణం చెప్పి వాయిదా వేస్తున్నారు. 'రోగి సహకరించడం లేదు' అని వార్డు నుంచి వచ్చిన చీటీలో ఉంది. మొదటి రోజు నా రికార్డు ఇలా ఉంది:

నేను: ఇంటికి వెళ్ళడం ఇష్టం లేదా అండీ?

ఆయన: ఇష్టం లేకపోవడానికి ఏముంది.

నేను: మీ అబ్బాయి సరిగ్గా చూసుకోరా?

ఆయన: (కిటికీ వైపు చూశారు) వాడి పని వాడికి ఉంటుంది కదమ్మా.

నేను: మీకు బాధగా ఉందా?

ఆయన: ఏముందిలే.

మూడో వరుసలో నేను రాసినది: 'కుటుంబ నిర్లక్ష్యం. కొడుకు సాయంత్రం వచ్చి పది నిమిషాల్లో వెళ్ళిపోతాడు. క్లయింటు నిరాశలో ఉన్నారు.' ఆకుపచ్చ సిరా పడింది దీని పక్కనే.

మేడం నన్ను కూర్చోబెట్టి అడిగిన మొదటి ప్రశ్న: "నిర్లక్ష్యం అన్న మాట మొదటి వరుసలో ఏ లైనులో ఉంది?" లేదు. "పది నిమిషాల్లో వెళ్ళిపోతాడని ఎవరు చెప్పారు?" పక్క మంచం వాళ్ళు. "ఎందుకు వెళ్ళిపోతాడో అడిగారా?" అడగలేదు. ఆ తర్వాత పేజీ నా వైపు తిప్పారు. "మీ మూడు ప్రశ్నలూ చూడండి. మూడింటిలోనూ జవాబు మీరే పెట్టి ఆయన చేతికి ఇచ్చారు. ఆయన మర్యాదస్తులు కాబట్టి వద్దనలేదు." కాసేపాగి, "ఆయన కిటికీ వైపు చూశారని రాశారు, అది బాగుంది. అలా ఎంతసేపు చూశారు?" అన్నారు. నాకు తెలియదు. ఆయన చూపు మళ్ళీ నా మీదికి వచ్చేలోపే తర్వాతి ప్రశ్న వేసేశాను.

రెండోసారి వెళ్ళినప్పుడు ఒకే ప్రశ్న తీసుకెళ్ళాను. "ఇంటికి వెళ్ళే రోజు ఎలా ఉంటుందనుకుంటున్నారో ఆసుపత్రి గేటు దగ్గర నుంచి చెబుతారా అండీ?" అని అడిగి ఊరుకున్నాను. ఆయన మాట్లాడలేదు. నాకు నోరు ఆగడం లేదు. పక్క మంచం సెలైన్ సీసాలో చుక్కలు లెక్కపెట్టాను. ఇరవై ఆరో చుక్క దగ్గర ఆయన మొదలుపెట్టారు. బండి ఇంటి ముందు ఆగుతుంది. తలుపు దాకా పరవాలేదు. ఆ తర్వాత మెట్లు. ఇరవై రెండు మెట్లు, మధ్యలో మలుపు. "ఆ మలుపు దగ్గర పట్టుకోవడానికి ఏమీ లేదమ్మా. వాడు నన్ను ఎత్తుకోవాలి. వాడికి నడుము బాగాలేదు. నాతో చెప్పడు, నాకు తెలుసు."

నేను నిర్లక్ష్యం అనుకున్నచోట ఉన్నవి మెట్లు. ఆయన మంచం దిగకుండా కూర్చున్నది కొడుకు నడుమును కాపాడటానికి. ఆయన సరేనన్నాక కొడుకుతో మాట్లాడాను. రాత్రి షిఫ్టు ఉద్యోగం, దారిలో ఆగి తండ్రిని చూసి వెళ్ళడానికి అతనికి మిగిలేవి ఆ పది నిమిషాలే. ఆ పేజీ రాస్తున్నప్పుడు సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. అతని పేరు పక్కన 'నిర్లక్ష్యం' అని రాసినది నేను. సూపర్‌వైజర్ చూడకపోయి ఉంటే ఆ మాట ఫైలులోకి వెళ్ళేది. ఫైలులోకి వెళ్ళిన మాటను తర్వాత వచ్చేవారు నిజమనుకుంటారు. పదకొండేళ్ళు ఫైళ్ళ మధ్య ఉన్నదాన్ని, ఆ సంగతి నాకు బాగా తెలుసు.

బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో 1905లో డాక్టర్ రిచర్డ్ కాబట్ మొట్టమొదట సోషల్ వర్కర్‌ను నియమించినది ఇలాంటి మెట్ల కోసమే అనిపిస్తుంది నాకు. రోగి ఇల్లు, పని, తిండి, దిగులు తెలియకుండా తాను చేసే రోగనిర్ధారణ సగమే అని ఆయన గ్రహించారు. గార్నెట్ పెల్టన్ ఆ పని మొదలుపెట్టారు, ఆమె తర్వాత ఐడా కానన్ దాన్ని దశాబ్దాల పాటు నిలబెట్టారు. మెట్లను ఏ ఎక్స్‌రే చూపించదు.

ఈ కోర్సులో చేరాలనుకునేవారు నన్ను సిలబస్ గురించి, ఉద్యోగాల గురించి అడుగుతుంటారు. నేను మాత్రం ముందు ఇవి కనుక్కోమంటాను: ఫీల్డ్ వర్క్ ఎన్ని గంటలు, మీ రికార్డు చదివేది ఎవరు, వారానికి ఒకసారైనా మీ ఒక్కరితో కూర్చుని మాట్లాడతారా? అమెరికాలో మాస్టర్స్‌కు కనీసం 900 గంటల ఫీల్డ్ వర్క్ ఉండాలన్నది గుర్తింపు నిబంధన. ఇంగ్లండ్‌లో 200 రోజులు. గంటలు ముఖ్యమే, కానీ చదివే మనిషి లేని గంటలు వృథా. నా స్నేహితురాలు ఒకామె వేరేచోట ఇదే కోర్సు చదివారు. ఏడాది చివర రికార్డులన్నీ ఒకేసారి తీసుకుని, ప్రతి పేజీ మీద సంతకం పెట్టి తిరిగి ఇచ్చారట. ఒక్క ప్రశ్న లేదు. నా పదకొండో పేజీ లాంటిది ఆమె రికార్డులోనూ ఉండే ఉంటుంది. అది ఏ పేజీనో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. రెండేళ్ళు కష్టపడి చదివే విద్యార్థికి దక్కవలసిన అసలు విద్య రికార్డు ముందు పెట్టుకుని సూపర్‌వైజర్‌తో కూర్చునే ఆ కాసేపట్లోనే ఉంది.

మిగతా పేపర్ల గురించి ఎక్కువ చెప్పను. పరిశోధన పద్ధతులు, గణాంకాలు క్లాసులో చాలామందికి భయం, నాకు ఇష్టం. గ్రూప్ వర్క్‌లో బృందం ఎదిగే దశలను మనస్తత్వ శాస్త్రవేత్త బ్రూస్ టక్‌మన్ 1965లో చెప్పిన వరుసలో బట్టీ పట్టాం. నిజమైన బృందాలు ఆ వరుసలో నడవవని రెండో సమావేశానికే తెలిసింది. సాంఘిక విధానం పేపరు మొదట పొడిగా అనిపించింది. మెట్లకు కమ్మీ ఉండి తీరాలన్న నిబంధన ఒకటి ఉంటే ఎంతమంది ఇళ్ళకు వెళ్ళగలరో అని ఆలోచించడం మొదలుపెట్టాక ఆ పుస్తకమే నా బల్ల మీద ఎక్కువ రోజులు ఉంది. ఒక్కొక్కరి చేయి పట్టుకుని దాటించడమూ కావాలి, మెట్లు కట్టే తీరు మార్చడమూ కావాలి. ఒకటి చేస్తూ రెండోది మరిచిపోతే పని సగంలోనే ఆగుతుంది.

ఆ పెద్దమనిషి దగ్గరికి మూడోసారి వెళ్ళినప్పుడు జెనోగ్రామ్ గీయడం మొదలుపెట్టాను. కుటుంబాన్ని బొమ్మగా గీసే పద్ధతి అది. మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం, పెళ్ళికి అడ్డగీత, పిల్లలకు నిలువుగీతలు. ఇంటికి వెళ్ళాక ఆసరాగా ఎవరున్నారో తెలుసుకోవడానికి పనికివస్తుంది. ఆయన ఉత్సాహంగా చెబుతున్నారు, నేను గీస్తున్నాను. తమ్ముడు, చెల్లెలు, కొడుకు, కోడలు. భార్య నాలుగేళ్ళ క్రితం పోయారన్నారు. పుస్తకంలో నేర్చుకున్నట్టే ఆమె వృత్తం మీద ఇంటూ గుర్తు వేశాను.

ఆయన మాట ఆగిపోయింది. కాగితం వైపు వంగి చూశారు. "ఆవిడను ఎందుకు కొట్టేశారమ్మా?"

నా దగ్గర జవాబు లేదు. చనిపోయినవారికి ప్రపంచమంతా అదే గుర్తు అని చెప్పవచ్చు. అది నిజమే కానీ ఆయన అడిగినది అది కాదు. "తప్పయిందండీ. ఈ గుర్తు గురించి ముందే చెప్పి ఉండాల్సింది," అన్నాను. ఆయన చెయ్యి చాపారు. పెన్సిలు ఇచ్చాను. ఇంటూ గుర్తును చెరపలేదు. దాని చుట్టూ ఉన్న వృత్తాన్ని మళ్ళీ ఒకసారి, వణుకుతున్న చేత్తో, మెల్లగా దిద్దారు. ఆ తర్వాత తనే చెల్లెలి వృత్తం దగ్గరికి వెళ్ళి, అక్కడి నుంచి తన చతురస్రం దాకా గీత లాగారు. "వాళ్ళ ఇంట్లో కింది గది ఖాళీగానే ఉంటుంది. అడిగితే కాదనదు. నేనే అడగలేదు," అన్నారు.

అప్పటికే నేను రెండు రోజులు ఫోన్లు చేసి ఒక పునరావాస కేంద్రంలో ఆయన కోసం మంచం సంపాదించాను. మెట్లు లేవు, నర్సులున్నారు, ఫిజియోథెరపీ అక్కడే. నా దృష్టిలో అంతకంటే మంచి ఏర్పాటు లేదు. ఆయన అంతా విని, "వద్దమ్మా, చెల్లెలింటికి వెళతాను," అన్నారు. నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. సోషల్ వర్కర్‌కూ క్లయింటుకూ మధ్య సంబంధం ఎలా ఉండాలో ఫెలిక్స్ బీస్టెక్ 1957లో రాసిన ఏడు సూత్రాలను పరీక్షలో తడుముకోకుండా రాశాను. వాటిలో క్లయింటు స్వయం నిర్ణయాధికారం ఒకటి. కాగితం మీద అది చాలా గౌరవంగా కనిపిస్తుంది. మన రెండు రోజుల శ్రమను పక్కన పెట్టి, మనం రెండో స్థానంలో పెట్టిన దారిని ఆయన ఎంచుకున్నప్పుడు ఆ దారిలో మన పూర్తి శక్తితో నడవడం దాని అర్థం. కష్టనష్టాలు దాచకుండా చెప్పాను. చెల్లెలి ఇంటి గుమ్మం ఎత్తు ఎంతో కనుక్కున్నాను. ఫిజియోథెరపిస్టుతో మాట్లాడి, ఆసుపత్రి వెనక మెట్ల మీద రోజూ అభ్యాసం మొదలుపెట్టించాం. కొడుకు తమ ఇంటి మలుపు దగ్గర కమ్మీ పెట్టించడానికి మూడు వారాలు గడువు అడిగాడు.

డిశ్చార్జి రోజు ఆయన సంచీ సర్దుకుని చక్రాల కుర్చీలో కూర్చున్నారు. చెల్లెలు వచ్చారు. నేను వెళ్ళొస్తానని చెప్పబోతుంటే, "ఆ కాగితం నాకు ఇస్తారా?" అన్నారు. జెనోగ్రామ్. అది నా రికార్డులో భాగం, మార్కులకు కూడా కావాలి. పరుగున వెళ్ళి మేడంను అడిగాను. "అందులో ఉన్నది ఎవరి కుటుంబం?" అన్నారు ఆమె, తల ఎత్తకుండానే.

అసలు కాగితం ఆయనకు ఇచ్చాను. పేర్లున్నచోట చీటీలు అడ్డుపెట్టి తీసిన జిరాక్స్ కాపీ నా రికార్డులో అతికించాను. నేను పెన్నుతో గీసినవన్నీ అందులో స్పష్టంగా ఉన్నాయి. ఆయన పెన్సిలుతో దిద్దిన వృత్తం మాత్రం సరిగ్గా పడలేదు, వెలుతురుకు పెట్టి చూస్తేనే కనిపిస్తుంది. దాని మీద నేను పెన్ను పెట్టలేదు.